గరాజ్‌లోని డిస్కులను ఈ వేసవి దాటనివ్వకండి

మొన్నటి ఉగాది సంబరాల్లో సంఘం తొలినాళ్ళ కవి సమ్మేళనాన్ని తెరపై చూపిస్తామని ప్రకటించి, డిస్కు ఆడకపోవడంతో పిల్లల నృత్యాన్ని ముందుకు జరిపి సరిపెట్టారు. సభ సర్దుకుంది గాని, ఆనాడు పద్యం చదివి నేడు మన మధ్య లేని పెద్దల కుటుంబాలు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాయి. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

కార్యదర్శి గారి అనుమతితో ఆ సీడీని ఇంటికి తెచ్చి చూశాను. అడుగువైపు గీత లేదు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే మాత్రం సూదిబెజ్జాల్లా వెలుతురు దూరి వచ్చింది. మనం రాసుకునే సీడీలో సమాచారం నిలిచే రంగుపొర, దాని మీది వెండి పూత పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటాయి. వాటికి కాపు పలుచని వార్నిష్ మాత్రమే. మనం జాగ్రత్తపడేది అడుగువైపు. బాల్‌పెన్నుతో ఒత్తి రాసేదీ, జిగురు కాగితం అంటించేదీ పైవైపు. కొత్త డ్రైవు తిప్పికొట్టిన ఆ డిస్కును స్నేహితుడి పాత కంప్యూటర్ నెమ్మదిగా, తడబడుతూ చదివింది. రాత్రంతా మళ్ళీ మళ్ళీ చదివించగా, తెగుతూ అతుకుతూ కొన్ని పద్యాలు, ఒక పెద్దాయన గొంతు దక్కాయి.

కొన్న సినిమా డిస్కులు ఇంకా ఆడుతున్నాయి కదా అని కొందరు అడుగుతున్నారు. అవి కర్మాగారంలో అచ్చు వేసినవి, సమాచారాన్ని మోసే గుంటలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. మనం రాసుకున్నవి రంగుపొర మీద లేజర్ వేసిన గుర్తులు. అందులోనూ సయనిన్ అనే రంగు వెలుతురుకు త్వరగా చెడుతుంది, థాలోసయనిన్ అనే రంగు నిలకడైనది. చల్లని, పొడి చీకట్లో ఉంచిన మంచి డిస్కు దశాబ్దాలు నిలుస్తుందన్నది నిజమే. కాని ఆవకాయ జాడీకి తడి చెయ్యి తగలనివ్వని మన ఇళ్ళలోనే, ఇవి టెక్సాస్ ఎండకు కాగే గరాజ్‌లలో పడి ఉన్నాయి.

డిస్కులు వదిలేసి అంతా క్లౌడ్‌లో పెడదామన్న కార్యవర్గ సభ్యుల మాటలో న్యాయముంది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీయే 2025లో ఆపేసింది. అయినా ఒక్కరి పేరున ఉన్న ఖాతా ఆ ఒక్కరితోనే పోవచ్చు. కార్యవర్గానికి నా మనవి ఇది: వేసవికి ముందే ఒక ఆదివారం, పిల్లల మనబడి తెలుగు తరగతులు ముగిశాక, సభ్యులందరి డిస్కులు సేకరించి, రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, వేర్వేరు ఇళ్ళలో ఉంచి, ఏటా తెరిచి చూడాలి. పనిచేసే పాత డ్రైవు ఉన్నవారు దయచేసి ముందుకు రండి. ఆడని డిస్కులనూ పారేయకుండా తీసుకురండి, మరో డ్రైవు వాటిని చదవవచ్చు.