దివాన్ కింద ఎక్స్‌ప్రెస్

నడుము పట్టేసింది. పడుకునే రాస్తున్నా.

మావాడి ఆరో పుట్టినరోజుకి రైలు సెట్టు కొనాలని వారం రోజులు రాత్రిళ్లు ఫోన్లో చదివి పండితుణ్ణయ్యాను. బొమ్మ రైళ్లలో హెచ్‌ఓ సైజు అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు, 9 మిల్లీమీటర్లు. మంచి సెట్టుకి కరెంటు పట్టాల్లోంచే అందుతుంది, 12 వోల్టులు. గుండీ తిప్పితే బండి నెమ్మదిగా కదిలి నెమ్మదిగా ఆగుతుంది. చవక సెట్టుకి ఇంజను కడుపులోనే సెల్లులు. పరిగెత్తితే పరుగు, లేదంటే నిద్ర. ఇదంతా అన్నాల దగ్గర మా ఆవిడకి బోధించాను. మంచి సెట్టు ధర చూశాక మాత్రం నోరు మూసుకుని బేగంబజార్ వెళ్లాను.

అట్టపెట్టె మీద మంచుకొండలు, సొరంగం, పది పెట్టెల బండి. లోపల మూడు పెట్టెలు. కొండలు లేవు.

మూడో చుట్టులో పట్టా అతుకు దగ్గర ఎగిరి, పెట్టెల్ని వదిలేసి, ఇంజను ఒక్కటే దివాన్ కిందికి దూసుకుపోయింది. అక్కడ గోడకి తలపెట్టి, లైటు వెలిగించుకుని, కూత మీద కూత. చీపురుకట్ట అందలేదు. నేనే దూరాను. తల, భుజాలు పట్టాయి. చొక్కా ఏదో మేకుకి తగులుకుంది, ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు. మూతి ముందు రెండేళ్ల కింద పోయిన రిమోటు, ఎండిపోయిన బత్తాయి తొన. ఈ దివాన్ కింద రోజూ తుడుస్తున్నామనే ఈ ఇంట్లో అందరూ అంటారు.

మా మామగారు కాచిగూడలో రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. కుర్చీలోంచి కదలకుండానే ఎంక్వైరీ మొదలెట్టారు.

"ఫిష్‌ప్లేటు, అదే పట్టాల్ని కలిపే బద్ద, వదులుగా ఉంది అల్లుడూ. బండి వదిలేముందు లైను చూసుకోవద్దూ? మా బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. నీదెంత?"

కొన్నాక కొలిచాను. అది హెచ్‌ఓ కాదు, ఎన్ కాదు, భూమ్మీద ఏ గేజీ కాదు. ఆ మాట దివాన్ కిందనుంచి ఎలా చెప్పను?

సరిగ్గా అప్పుడే కేకు కోసం పై ఫ్లాటు వాళ్లొచ్చారు. వాళ్లకి కనిపించింది నా కాళ్లే.

"సార్ లేరా?"

"ఉన్నారు, కింద ఉన్నారు," అంది మా ఆవిడ. వాళ్లు పార్కింగ్‌కి ఫోన్ చేద్దామా అన్నారు. నా జేబులో ఫోను మోగింది. దివాన్ లోంచి ఒకటి కూత, ఒకటి రింగ్‌టోను. మా మామగారు మాత్రం, "ముందు పవర్ కట్ చెయ్," అన్నారు. స్విచ్చి ఇంజను కడుపు కింద ఉంది.

పొద్దున్నే పెట్టె పట్టుకుని కొట్టుకి పోయాను.

"బొమ్మకి గ్యారంటీ ఎక్కడుంటది సార్? మాల్ మంచిదే. మీ ఫ్లోరే ఎగుడుదిగుడుంటది. ఏ ఏరియా మీది?"

చెప్పాను.

"అదీ సంగతి," అన్నాడు.