పాము చావకుండా, కర్ర విరగకుండా

సైకిళ్లకు దారి ఇస్తే దుకాణాల ముందు బండ్లు నిలిపే చోటు పోతుందని, చోటు ఉంచితే దారి ఉండదని ఎన్నో నగరాలు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడుతుంటే, హైదరాబాదు మాత్రం ఈ తగవును పాము చావకుండా, కర్ర విరగకుండా తీర్చేసింది: దుకాణాలు లేని చోట సైకిలు దారి వేసి, దుకాణాలున్న చోట వేయడం మానుకుంది.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంట ప్రారంభమైన 23 కిలోమీటర్ల దారికి నెత్తిన 16 మెగావాట్ల సౌర పలకల నీడ కూడా ఉంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు సాగే ఆ దారి మీద అభ్యంతరం చెప్పవలసిన బట్టల కొట్టు గానీ, మిఠాయి అంగడి గానీ లేకపోవడమే దాని విజయరహస్యం. సైకిలును కారుకు కట్టుకుని అక్కడికి వెళ్లి, తొక్కి, మళ్లీ కారెక్కి వచ్చే భక్తులను చూస్తే, సైకిలుకు కూడా ముందుగా కావలసింది కారు పార్కింగేనని బోధపడుతుంది.

ఇక కోఠి సంగతి. నాకు తెలిసిన వ్యాపారి ఒకరు ఉదయం పదింటికి కారును తన దుకాణం గుమ్మానికి ఎదురుగా నిలిపి, రాత్రి తొమ్మిదింటికి గానీ తీయరు. పక్కనే గుమాస్తాల స్కూటర్లు. మూడు చుట్లు తిరిగి చోటు దొరకక వెళ్లిపోయిన ఖాతాదారును తలచుకుని, ఇంకా ఎవరూ వేయని సైకిలు దారిని ఆయన ఇప్పటి నుంచే తిడుతుంటారు. ఒక కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలని, అందులో పది సైకిళ్లు పడతాయని లెక్క చెప్పబోతే, సైకిలు మీద ఫ్రిజ్ ఎలా తీసుకెళ్తారని నిలదీశారు. (ఆయన అమ్మేది చీరలు. ఫ్రిజ్ అయినా ట్రాలీ ఆటోలోనే వెళ్తుంది.)

రహదారి మీద చోటు వాహనాలకు కాక మనుషులకు పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. పదకొండు గంటలు ఖాళీగా నిలిచిన కారులో మనిషి లేడనే సాంకేతిక అభ్యంతరాన్ని పట్టించుకోకపోతే, మనం ఆ విధానాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నట్టే. కావాలంటే ఆ కార్ల కిందుగా పచ్చరంగు గీత ఒకటి వేయించి, అటు పర్యావరణాన్ని, ఇటు వాణిజ్యాన్ని ఒకే డబ్బా రంగుతో సంతృప్తిపరచవచ్చు.

సాయంత్రం ఐదింటికి సైకిలు మీద ఫ్లాస్కు కట్టుకుని చాయ్ అతను వస్తాడు. వ్యాపారి గారు చాయ్ తాగి, డబ్బులిచ్చి, “కారుకు గీతలు పడతాయి, సైకిలు కాస్త అవతల పెట్టవయ్యా” అంటారు. అవతల బస్సులు పోతుంటాయి.