ఒక పెళ్లికి నాలుగు తేదీలు

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఏజెన్సీ ఊళ్లలో ఒక జంటకు పెళ్లెప్పుడైందని అడిగితే ఒకే ఇంట్లో నలుగురు నాలుగు తేదీలు చెప్పవచ్చు. అమ్మాయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు ఒకటి. పెద్దలు కూర్చుని ఓలి, అంటే అబ్బాయి వైపువారు అమ్మాయి వైపుకు ఇచ్చే సొమ్ము, తేల్చిన రోజు ఇంకొకటి. ఊరికి భోజనం పెట్టిన రోజు మూడోది. అది తొలి బిడ్డ పుట్టాక కూడా జరగవచ్చు. రిజిస్ట్రేషన్ అంటూ ఉంటే అన్నిటికంటే ఆఖరు. సవర, జాతాపు, కోదు గిరిజన కుటుంబాల్లో ఇది వింతేమీ కాదు. కొరాపుట్ వైపు ఇద్దరూ ఇష్టపడి లేచిపోయే పెళ్లిని ఉదులియా అంటారు. తర్వాత పెద్దలు మాట్లాడి, ఇవ్వాల్సింది ఇప్పించి కలుపుకుంటారు.

సహజీవనంపై మన పత్రికల్లో, టీవీల్లో జరిగే చర్చకు ఈ జంటలు కనిపించరు. హైదరాబాద్, బెంగళూరు అపార్ట్‌మెంట్లను చూసి కొందరు తిడతారు, కొందరు మెచ్చుకుంటారు. సరిహద్దు కొండల్లో కలిసి ఉంటున్న చాలామంది పెళ్లిని కాదనుకున్నవాళ్లు కారు. భోజనం ఖర్చు, ఓలి సొమ్ము కూడక ఆగినవాళ్లు.

సమాజ శాస్త్రంలో ఈ తేడాకు ఎప్పుడో చోటు దొరికింది. పాట్రిక్ హ్యూవలీన్, జెఫ్రీ టింబర్లేక్ 2004లో పలు దేశాల సహజీవనాలను పోల్చి, కొన్నిచోట్ల అది పెళ్లికి ముందు మెట్టు, కొన్నిచోట్ల పెళ్లికి బదులు, మరికొన్నిచోట్ల ఒంటరితనానికి బదులు అని విడదీశారు. లాటిన్ అమెరికాపై ఆల్బర్ట్ ఎస్తెవె, రాన్ లెస్తాగె చేసిన పని మనకు ఇంకా దగ్గర. అక్కడ పేదల్లో, ఆదివాసుల్లో తరాలుగా ఉన్న సహజీవనం ఒకటి. 1970ల తర్వాత చదువుకున్నవారిలో పెరిగింది వేరొకటి. రెంటినీ ఒకే అంకెలో కలిపేస్తే దేనికీ కారణం తేలదు.

ఏ తేదీ నుంచి లెక్కపెడతామన్నదీ చిన్న విషయం కాదు. పెళ్లికి ముందు కలిసి ఉన్న జంటలు ఎక్కువగా విడిపోతారని అమెరికాలో చాలాకాలం చెప్పుకున్నారు. 2014లో అరియెల్ కూపర్‌బర్గ్ పెళ్లినాటి వయసు పక్కనపెట్టి, కాపురం మొదలైన వయసును బట్టి పోల్చేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. అసలు ప్రమాదం మరీ చిన్న వయసులో కాపురం పెట్టడంలో ఉంది.

మన లెక్కల్లో ఆ వయసు సరిగ్గా దొరకదు. 2011 జనగణనలో ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచన ప్రకారం, స్థిరంగా కలిసి ఉంటున్నవారిని కూడా ‘ప్రస్తుతం వివాహితులు’గానే రాయాలి. జంటను అవమానించని మంచి సూచనే ఇది. కానీ పక్కనే వివాహ వయసు గడి ఉంది. అందులో ఇంటికొచ్చినప్పటి వయసు రాయాలా, భోజనం పెట్టినప్పటిదా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లి ఎప్పుడు, భర్తతో కాపురం ఎప్పుడు అని రెండు ప్రశ్నలున్నాయి. పెళ్లయ్యాక ఆలస్యంగా కాపురానికి పంపే ఆచారం కోసం పెట్టినవి అవి. పెళ్లి ముందు, కాపురం తర్వాత అన్నది వాటి వెనకున్న ఊహ. ఇక్కడ వరస తిరగబడుతుంది. పదహారేళ్లకు కాపురానికొచ్చి, పందొమ్మిదేళ్లకు భోజనం పెట్టిన అమ్మాయి భోజనం తేదీ చెబితే బాల్య వివాహాల లెక్కలోంచి జారిపోతుంది. ఆమె తొలి కాన్పు మాత్రం పదిహేడేళ్లకే అయిపోయి ఉండవచ్చు.

కాబట్టి ఈ జిల్లాల్లో సర్వే చేసేవారు నాలుగు తేదీలనూ నాలుగు గడుల్లో రాసుకోవాలి. నెల, సంవత్సరం సూటిగా అడిగితే చాలామంది ఊహించి చెబుతారు. గుర్తున్న సంఘటనలతో ముడిపెట్టి అడగాలి: 2014 అక్టోబర్ హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబర్ తిత్లీ తుపాను, 2020 మార్చి లాక్‌డౌన్. తిత్లీకి ముందా, తర్వాతా? అప్పటికి బిడ్డ నడుస్తున్నాడా? ఇలా వెళితే తేదీ కొన్ని నెలల తేడాలోకి వస్తుంది. అత్తగారి ఎదుట అడగకూడదు. అక్కడ కోడలు చెప్పేది ఇంటి పరువుకు తగ్గ తేదీ. సవర మాట్లాడే మహిళకు ఆ ఊరి మగవాణ్ణే దుబాసీగా పెట్టినా ఇదే చిక్కు. ఓలిలో ఎంత బాకీ ఉందన్నది చివర్న అడగాలి. మొదటే అడిగితే బాకీ వసూలుకొచ్చారనుకుని మిగతా జవాబులూ ఆగిపోతాయి.

ఇదంతా పరిశోధకుల గొడవేనని వదిలేయడానికి లేదు. 2005 గృహహింస చట్టం ‘వివాహం వంటి సంబంధం’లో ఉన్న స్త్రీకీ రక్షణ ఇచ్చింది. వేలుసామి కేసులో 2010లో సుప్రీంకోర్టు దానికి షరతులు పెట్టింది: లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి, చట్టప్రకారం వయసుండాలి, ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలి, ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గ కాలం కలిసి ఉండాలి. ఓలి బాకీపడిన కొండ జంట వయసుంటే వీటిలో నెగ్గుతుంది. ఆంధ్రలో భార్యాపిల్లలున్న డ్రైవరో కాంట్రాక్టరో రాయగడలో రెండో కాపురం పెడితే, ఆ రెండో స్త్రీ మూడో షరతు దగ్గరే ఓడిపోవచ్చు. అతనికి పెళ్లైందని తెలిసీ కలిసి ఉంటే దారి మరింత ఇరుకని 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఇంద్రా శర్మ తీర్పు చూపింది. ఆ మోసాన్ని సహజీవనమన్న పేరుతో కప్పిపెట్టడం అన్యాయం.

ఇంకో చిక్కు. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం వర్తించదు. ఆచార వివాహాన్ని రుజువు చేసుకోవాలంటే ఓలి మాట్లాడిన పెద్దలు, భోజనానికి వచ్చినవారు సాక్ష్యం చెప్పాలి. వాళ్లు పోతే మిగిలేవి కాగితాలు: అంగన్‌వాడీ రిజిస్టర్, తల్లీబిడ్డల కార్డు, బిడ్డ జనన ధ్రువపత్రం, రేషన్ కార్డు. గుణుపురంలో కాపురమున్న కోడలి పేరు పార్వతీపురం మన్యం జిల్లాలో తండ్రి కార్డులోనే ఉండిపోతే, భర్త పోయిననాడు ఆ చిరునామానే ఆమెకు ఎదురు సాక్ష్యం అవుతుంది. ముందు అక్కడ పేరు తీయించి, తీసేసినట్టు కాగితం తెచ్చుకుని ఇక్కడ చేర్పించాలి. ఆ పనికి భోజనం పెట్టేదాకా ఆగనక్కర్లేదు.