‘ఎండెక్కకముందే బయలుదేరుదాం’ గారికి ఒక బహిరంగ లేఖ

వనస్థలిపురం నుంచి.

మహాశయా,

ఉభయకుశలోపరి. తమరి క్షేమసమాచారం ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు. తమరు మా ఇంట్లోనే, హాల్లో సోఫా మీద, మా మామయ్యగారి పక్కనే ఏళ్ళ తరబడి తిష్ఠ వేసి ఉన్నారు. ఏ ప్రయాణం మాట వచ్చినా అందరికంటే ముందు నోరు తెరిచేది తమరే. తమరు ఆ మాట అనగానే ఇంటిల్లిపాదీ తలలూపడం, ఆ పైన ఎవరి దారిన వారు నిశ్చింతగా పడుకోవడం మా ఆచారం. మొన్న రెండో శనివారం జరిగిన దాని దృష్ట్యా, తమరితో కొన్ని సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోదలచాను.

జూపార్కుకు వెళ్దామని పిల్లలు సంక్రాంతి నుంచి అడుగుతున్నారు. మొదట సోమవారం అనుకున్నాం. సోమవారాలు జూకు సెలవని మా పెద్దమ్మాయి గుర్తు చేయడంతో రెండో శనివారానికి మార్చాం. 380 ఎకరాల పార్కులో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు ఎంత దూరం నడవగలరు, బ్యాటరీ బండి ఎక్కడ ఎక్కాలి అన్న విషయాలను ఎవరైనా చర్చిస్తారేమోనని నేను కాసేపు ఎదురు చూశాను. అటువంటిదేమీ జరగలేదు. రథసప్తమి వెళ్ళింది కనుక ఇక ఎండలు ముదురుతాయని మామయ్యగారు అన్నారు. కూకట్‌పల్లి నుంచి మా బావగారు ఫోన్లో, “ఐదున్నరకల్లా బండిలో ఉండాలి, ఎండెక్కకముందే బయలుదేరుదాం,” అన్నారు. దానితో ప్రణాళిక పూర్తయింది.

ఇక్కడ తమరిని ఒక్క ప్రశ్న అడగాలి. బావగారి కుటుంబం మా ఇంటికి రావలసింది మెట్రోలో. మొదటి మెట్రో రైలు కదిలేదే ఉదయం ఆరింటికి. అటు చూస్తే జూపార్కు గేటు ఎనిమిదింటికి ముందు తెరుచుకోదు. ఇటు రావలసినవారు రాకముందే, అటు తెరవవలసిన గేటు తెరవకముందే, తొమ్మిదిమందిని ఐదున్నరకు బండెక్కించి తమరు ఎక్కడికి తీసుకువెళ్దామనుకున్నారు? ఈ సందేహం నాకు ఆ రాత్రే కలిగింది. అయితే తమరి మాటకు ఎదురు చెప్పినవారిని మా ఇంట్లో బద్ధకస్తులంటారు గనుక ఊరుకున్నాను.

ఆ రాత్రి మిగిలిన సమయమంతా దారి గురించిన వాదనతో గడిచింది. మావారు సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్దామన్నారు. బావగారికి మాత్రం ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల పొడవున 2025 జనవరిలో ప్రారంభించిన కొత్త ఫ్లైఓవర్ మీదుగానే వెళ్ళాలని పట్టుదల. ఆయన చెప్పిన దారిలో మా ఇంటి నుంచి ఆ ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ దాకా పోయి, అక్కడ దిగి వెనక్కి రావాలి. అయినా ఎండెక్కకముందే బయలుదేరుతున్నాం కనుక ఎంత చుట్టు తిరిగినా ఫరవాలేదని ఆయన తమరినే సాక్ష్యానికి పిలిచారు.

తమరి మాటను నిజంగా నమ్మి నిద్ర లేచిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. మూడున్నరకు లేచాను. పులిహోరకు చింతపండు పులుసు ముందు రాత్రే ఉడికించి పెట్టుకున్నా, అన్నం మాత్రం అప్పుడే వార్చి, పళ్ళెంలో పరిచి, పసుపూ నూనే కలిపి ఆరబెట్టాలి. ఆరని అన్నంలో పులుసు కలిపితే ముద్దయిపోతుంది. ఇటువంటి వివరాలు తమరి దృష్టికి ఎన్నడూ వచ్చి ఉండవు. తమరు ఎప్పుడూ హాల్లోనే ఉంటారు, వంటింట్లోకి వచ్చిన దాఖలా లేదు. ఐదింటికల్లా పులిహోర, దద్దోజనం డబ్బాలకెక్కాయి. మామయ్యగారు కూడా లేచి, స్నానం చేసి, బూట్లు వేసుకుని సోఫాలో కూర్చుని, పది నిమిషాలకోసారి టైము ఎంతయిందో ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పసాగారు. ఆరింటికి ఆ బూట్లతోనే నిద్రలోకి జారుకున్నారు.

బండి ఏడున్నరకు వచ్చింది. ఐదింటికి రమ్మన్నాం కదా అని మావారు గద్దిస్తే ఆ డ్రైవరు ఏ మాత్రం తొణకలేదు. “ఎండెక్కకముందే అని చెప్పినోళ్ళకు నేను ఏడున్నర రాసుకుంటా సార్. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను లేట్ కాలేదు,” అన్నాడు. ఆ మాట ముమ్మాటికీ నిజమైంది. బావగారివాళ్ళు వచ్చేసరికి ఎనిమిది దాటింది. అప్పుడు మామయ్యగారికి మెలకువ వచ్చి, బీపీ మాత్ర టిఫిను తిన్న తరవాతే వేసుకోవాలన్న సంగతి జ్ఞాపకం వచ్చింది. ఒక్కరికోసం ఉప్మా చేయడం ఏ ఇంట్లోనూ సాధ్యం కాదు గనుక తొమ్మిదిమందికి చేశాను.

ఇంతలో అత్తయ్యగారు క్యాలెండరు చూశారు. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. అప్పటికి టైము ఎనిమిదీ యాభై. ఆ పది నిమిషాల్లో మా ఇంట్లో జరిగిన పరుగులు చూసి ఉంటే తమరు కూడా సిగ్గుపడేవారు. చిన్నవాడికి ఒక కాలి చెప్పు దొరకలేదు, తాళంచెవి అసలే దొరకలేదు. గడప దాటడం కుదరదని గ్రహించిన అత్తయ్యగారు, వెనకటి పెద్దలు చేసినట్టు ప్రస్థానం పెట్టించారు. అనుకున్న వేళకు మనిషి కదలలేకపోతే వస్త్రమో సామానో ముందుగా పక్కింట్లో ఉంచి, ప్రయాణం మొదలైనట్టే భావించి, తరవాత వెళ్తూ దానిని తీసుకుపోవడం ప్రస్థానం పద్ధతి. తొమ్మిదికి మూడు నిమిషాల ముందు దుప్పటి ఉన్న సంచి ఒకటి పక్కింటి పిన్నిగారి వరండాలోకి చేరింది. పంచాంగం ప్రకారం మేము అప్పుడే బయలుదేరాం. గడియారం ప్రకారం తొమ్మిదీ నలభైకి బయలుదేరాం.

శంషాబాద్ చుట్టు తిరిగి, ఫ్లైఓవర్ దిగి, పార్కింగులో చోటు వెతుక్కుని, టికెట్ల వరసలో నిలబడి లోపల అడుగు పెట్టేసరికి పన్నెండు కావస్తోంది. 1963 అక్టోబరు 6న ఆ పార్కు ప్రజలకు తెరుచుకున్న నాటి నుంచి తమరిని నమ్ముకుని సరిగ్గా అదే వేళకు చేరుకున్న కుటుంబాలు ఎన్నో ఉండి ఉంటాయి. కనీసం ఆ రోజు మా ముందు వరసలో నిలబడినవారి ముఖాలన్నీ మూడున్నరకు లేచిన ముఖాల్లాగే కనిపించాయి. పులి చెట్టు నీడన మాకు వీపు చూపించి పడుకుంది. సింహం రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోగలదని మా పెద్దమ్మాయి పాఠంలా చెబుతుంటే, దాని జీవితంలో తమరి ప్రసక్తే లేనందుకు నాకు చెప్పలేనంత అసూయ కలిగింది. ఆ ఎండలో హుషారుగా తిరుగుతున్న జంతువులు మాకు ఒక్క నిశాచరుల గృహంలోనే కనిపించాయి. అక్కడ పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వెలిగించి, గబ్బిలాలకూ దేవాంగపిల్లులకూ వేళలు తారుమారు చేసి పెట్టారు. మిట్టమధ్యాహ్నాన్ని అర్ధరాత్రిగా నమ్మించిన ఆ ఏర్పాటును మా ఇంటివాళ్ళందరూ ఎంతో మెచ్చుకున్నారు. తొమ్మిదీ నలభైని తెల్లవారుజాముగా నమ్మించగల తమరి గురించి అక్కడ ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

మీరాలం చెరువు ఆనకట్ట సంగతి మామయ్యగారు పిల్లలకు చెబుదామనుకున్నారు. జూను ఆనుకుని ఉన్న ఆ ఆనకట్టను 200 ఏళ్ళకు ముందే 21 అర్ధవృత్తాకారపు కమానులను వరసగా చేర్చి కట్టారు. చల్లటి పూట నెమ్మదిగా చూపించవలసిన దానిని, ఒంటిగంట ఎండలో చెయ్యి చాపి “అదిగో, అటువైపు” అని ముగించారు.

భోజనానికి చెట్టు కింద కూర్చున్నప్పుడు దుప్పటి ఏదని అత్తయ్యగారు అడిగారు. దుప్పటి ప్రస్థానంలో ఉంది. దుప్పటి ఉన్న సంచిలోనే అడుగున పులిహోర డబ్బా ఉంది. ఆ సంచి పంచాంగం ప్రకారం మాకంటే ముందుగా బయలుదేరి, పక్కింటి వరండా దాటకుండా ఉండిపోయింది. తొమ్మిదిమందిమి దద్దోజనం పంచుకుని, క్యాంటీనులో సమోసాలు కొనుక్కున్నాం. ఇంకా సఫారీ చూడలేదని, టాయ్ ట్రైన్ ఎక్కలేదని పిల్లలు ఏడుస్తుండగా నాలుగింటికి బావగారు లేచి, “చీకటి పడకముందే ఇల్లు చేరుదాం,” అన్నారు. తమరికి తోబుట్టువులు కూడా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

రాత్రి పక్కింటి పిన్నిగారు డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు సున్నుండలు వేసి తెచ్చి ఇచ్చారు. “ఎండెక్కకముందే వెళ్తామన్నవాళ్ళు తొమ్మిదింటికి సంచి తెచ్చి పెడితే నాకేం అర్థం కాలేదమ్మాయ్. మధ్యాహ్నానికి పాడైపోతుందేమోనని మా పిల్లలకు పెట్టేశాను. పులుపు చక్కగా కుదిరింది, ఉప్పే ఒక్క రవ్వ తగ్గింది,” అన్నారు.

ఉగాది తరవాత యాదగిరిగుట్టకు వెళ్దామని హాల్లో మాటలు వినబడుతున్నాయి. తమరి గొంతు కూడా వినబడింది. ఆ డ్రైవరు నంబరు నేను నా ఫోన్లో వేరుగా రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మూడున్నరకు లేచిన మనిషి.