ఉభయకుశలోపరి అని రాయలేకపోతున్నాను: డీసీ ఆఫ్‌సెట్ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ డీసీ ఆఫ్‌సెట్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇన్‌పుట్ సున్నా అయినా అవుట్‌పుట్‌లో తిష్ఠవేసే వోల్టేజి తమరు; ఉభయులూ కుశలంగా ఉంటే పుట్టనే పుట్టరు కదా! రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడానే పట్టించుకునే డిఫరెన్షియల్ ఆంప్లిఫయర్‌లో ప్లస్ వైపూ మైనస్ వైపూ ఒక్కలా ఉన్నంతసేపే మాకు క్షేమం. ఏ ఒక్కవైపు పిసరంత తేడా వచ్చినా మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

మన పరిచయం పాతదే. బీటెక్ ల్యాబ్‌లో 741 అనే ఆంప్లిఫయర్ ఐసీకి 1, 5 నంబర్ కాళ్లు ఎందుకున్నాయో మాలో ఎవరూ అడగలేదు. వాటి మధ్య 10 కిలో ఓమ్‌ల పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి, దాని మధ్య కాలును నెగటివ్ సప్లైకి కలిపి తిప్పితే తమరు తగ్గుతారని పుస్తకంలో ఉంది. మేం మాత్రం ఆ కాళ్లను గాలికి వదిలేసి, అవుట్‌పుట్ సరిగ్గా సున్నా వచ్చినట్టు సీనియర్ల రికార్డు చూసి దించేశాం. నాలుగేళ్లపాటు తమరు లేరనే రాశాం. ఆ పాపమే ఇప్పుడు తగిలినట్టుంది.

పోయిన నెల నా బోర్డు మీద తమరు చేసిన నిర్వాకం గుర్తుచేస్తాను. 16 బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే చిప్పు), ప్లస్ మైనస్ 4.096 వోల్టుల రేంజి, అంటే ఒక్కో కౌంటు 125 మైక్రోవోల్టులు. ఇన్‌పుట్‌కి సిగ్నల్ జనరేటర్ తగిలించి, దాన్ని సున్నా వోల్టుల దగ్గర పెట్టాను. స్క్రీన్ మీద 530 కౌంట్లు! 66 మిల్లీవోల్టులు!

ఆంప్లిఫయర్‌ని తిట్టాను. డేటాషీటు చూస్తే దాని సొంత ఆఫ్‌సెట్ ఒక్క మిల్లీవోల్టు కూడా లేదు. అయినా నమ్మక ఐసీ మార్చాను. మళ్లీ 530. ఏడీసీని అనుమానించాను, సోల్డరింగ్ చేసిన కుర్రాణ్ణి అనుమానించాను. మూడో రోజు రాత్రి కాగితం తీసి లెక్క వేస్తే దొరికారు.

జనరేటర్ కడుపులో 50 ఓమ్‌లుంటాయి. నా 1000 ఓమ్‌ల రెసిస్టర్‌తో కలిసి ప్లస్ వైపు 1050 అయింది. మైనస్ వైపు నేరుగా గ్రౌండ్‌కి వెళ్లేది ఉత్త 1000. అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి వెనక్కి తెచ్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు రెండువైపులా 1000 చొప్పునే. ఏడీసీ కోసం అవుట్‌పుట్‌లు రెండింటినీ 2.5 వోల్టుల కామన్ మోడ్ (రెండింటికీ ఉమ్మడి సగటు వోల్టేజి) మీద నిలబెట్టాం. అందులో వెనక్కి వచ్చే వాటా ఒకవైపు 0.5, రెండోవైపు 0.512. ఈ వాటాల తగువు తీర్చడానికి పాపం ఆంప్లిఫయర్ రెండు అవుట్‌పుట్‌లనీ ఎడంగా జరిపింది. ఎంతంటే 60 మిల్లీవోల్టులు. ఇన్‌పుట్ సిగ్నల్‌తో దీనికి సంబంధమే లేదు. మేం ముచ్చటపడి ఇచ్చిన 2.5 వోల్టులే తమరి మేత.

మైనస్ వైపు 49.9 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అతికిస్తే 66 కాస్తా 6కి దిగింది. ఆ ఆరూ, విలువ 1 శాతం దాకా అటూఇటూ ఉండే రెసిస్టర్ల పుణ్యం. అవి నాలుగూ పట్టుబట్టి తలోవైపు తప్పితే 50 మిల్లీవోల్టుల దాకా రావచ్చు, కాబట్టి నా అదృష్టం మంచిదే. నేను అడిగింది 0.1 శాతానివి. "ఒక్క సున్నాయే కదా సార్ తేడా" అన్నాడు కొన్నాయన. నా బాధంతా ఆ సున్నా గురించే అని ఆయనకెలా చెప్పను?

మా టీమ్‌లో తమరికి భయపడనివాడు ఒక్కడే, ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) రాసే కుర్రాడు. "ఇన్‌పుట్‌లు షార్ట్ చేసి, నాలుగు వేల రీడింగులు సగటు తీసి, తీసేద్దాం సార్." తీసెయ్యొచ్చు. కానీ పిలవని పేరంటానికి వచ్చి తిన్నవాడి పేరు లిస్టులో కొట్టేస్తే విస్తరి తిరిగొస్తుందా? రేంజిలో ఒక చివర తమరు మింగిన 530 కౌంట్లు మింగినట్టే. పెద్ద సిగ్నల్ వస్తే అక్కడ తల తెగుతుంది. పైగా పొద్దున ఏసీ గదిలో తీసిన సగటు, మధ్యాహ్నం బోర్డు వేడెక్కాక చెల్లదు.

వరసలో కెపాసిటర్లు పెట్టమని ఇంకొకాయన సలహా. నిజమే, తమరి బెడద చాలావరకు తీరుతుంది. కానీ కెపాసిటర్లు డీసీ దేన్నీ పోనివ్వవు; మేం కొలిచేది ప్రెషర్ సెన్సర్ వోల్టేజి, అదీ డీసీయే. దొంగ భయానికి వాకిలి మూసి గోడ కట్టుకున్నట్టే. తన ఆఫ్‌సెట్‌ని తనే దిద్దుకునే చాపర్ ఆంప్లిఫయర్ తెప్పిద్దామంటే, అది సరిచేసేది తన లోపలి ఆఫ్‌సెట్‌ని. బయట నేను మరిచిపోయిన 50 ఓమ్‌లకు అదేం చేస్తుంది?

ఇప్పుడు 0.1 శాతం రెసిస్టర్లు పడ్డాయి. తమరు 9 కౌంట్ల దగ్గర బుద్ధిగా ఉన్నారు. రేపు పదకొండింటికి కస్టమర్ వస్తున్నారు. ఎనిమిదింటికే ఏసీ వేయిస్తాను, బాక్సు మూత తీయను, ఫ్యాన్ గాలి తగలనివ్వను. పదకొండున్నర దాకా ఆ తొమ్మిది దగ్గరే ఉండండి.

ఇట్లు,
మైనస్ వైపు మరిచిపోయిన తమ విధేయుడు

తా.క.: ఐసీ మార్చినప్పుడు ఊడొచ్చిన ప్యాడ్ సంగతి మా మేనేజర్ గారికి తెలియదు. తెలియనివ్వకండి.