స్లాబు తడిసే రోజులకు కూలి ఎవరిస్తారు?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఇల్లు మొదలుపెట్టినవారు మేస్త్రిని మొట్టమొదట అడిగేది ఎన్ని నెలల్లో పూర్తవుతుందనే. గృహప్రవేశానికి వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో ముహూర్తం కుదిరితే, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ పని నడిపిస్తారు. ఆ లెక్కలో ముందుగా కోత పడేది కంటికి పనిగా కనిపించని రోజులకే, అంటే స్లాబు వేశాక దాన్ని తడిగా ఉంచవలసిన రోజులకే. మన ఇళ్ల నాణ్యత దెబ్బతినడానికి పనివాళ్ల నైపుణ్యం తగ్గడం కంటే, ఈ రోజులకు మనం విలువ కట్టకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు. నీటితో రసాయనిక చర్య సాగినంతకాలమే బలం పుంజుకుంటుంది. పైపొర ఎండిపోతే అక్కడ ఆ చర్య ఆగిపోతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉండే పొడి వాతావరణంలోనైతే 10 రోజులకు తగ్గకుండా క్యూరింగ్ చేయాలంటోంది, అంటే కాంక్రీటును ఎడతెగకుండా తడిగా ఉంచాలంటోంది. ఇప్పుడు ఇళ్లకు విరివిగా వాడుతున్న పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు)లో ఫ్లై యాష్ ఉంటుంది. మన కృష్ణపట్నంలో ఉన్నలాంటి థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలితే మిగిలే బూడిదే అది. ఈ సిమెంటు నిదానంగా బలపడుతుంది కనుక కనీసం 10 రోజులు తప్పదు, 14 రోజుల దాకా పొడిగించడం మేలని ఆ ప్రమాణమే చెబుతోంది. సిమెంటు మారింది గానీ, నాలుగు రోజులు నీళ్లు కొట్టి వదిలేసే అలవాటు మాత్రం చాలాచోట్ల మారలేదు.

పని మీద అభిమానం ఉన్న మేస్త్రి ఎలా ఉంటాడో చూసినవారికి తెలుసు. కాంక్రీటు పోసేముందు మోకాళ్ల మీద కూర్చుని కడ్డీలు అడుగుకు ఆనకుండా ఎడం ఉంచే చిన్న దిమ్మెలను, అంటే కవర్ బ్లాకులను, ఒక్కొక్కటీ తడిమి చూస్తాడు. కూలీలు తొక్కడంతో జారిన కడ్డీని మళ్లీ పైకెత్తి బ్లాకు దోపుతాడు. స్లాబు వేసిన మర్నాడు దాని మీద చిన్న చిన్న గట్లు పోసి, మడులు కట్టి నీళ్లు నిలుపుతాడు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టించి, ఎండ ఎక్కకముందే తడిపిస్తాడు. మైపాడు, కొత్తపట్నం వంటి తీరగ్రామాల్లో ఈ శ్రద్ధ మరీ అవసరం. పలచని, సరిగా తడవని కాంక్రీటులోంచి ఉప్పు తేమ లోపలి కడ్డీని చేరుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పగిలి, స్లాబు అడుగున పెచ్చులూడుతుంది.

ఇంత శ్రద్ధకు మనమిచ్చే అదనపు కూలి ఏమీ లేదు. మాట్లాడుకునేది చదరపు అడుగు లెక్క, డబ్బు చేతికొచ్చేది స్లాబు పడిన రోజున. ఆ తర్వాత ఆ ఇంటి దగ్గర గడిపే ప్రతి పూటా మేస్త్రికి నష్టమే. కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కింద మోసే సెంట్రింగ్ షీట్లు అద్దెకిచ్చినవాడికీ తొందరే, అవి ఇంకో ఇంటికి వెళ్లాలి. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు (కింద ఆసరాగా నిలిపిన కర్రలు) తీయరాదన్న నియమం ఆ తొందరలో గాలికి పోతుంది. యజమానినీ పూర్తిగా తప్పుపట్టలేం, అద్దె ఒకవైపు, బ్యాంకు వాయిదా ఇంకోవైపు. కనిగిరి వైపు వేసవిలో అయితే క్యూరింగ్ నీళ్లకు ట్యాంకరే దిక్కు.

కాబట్టి ఒప్పందం రాసుకునేటప్పుడే క్యూరింగ్‌ను విడి పద్దుగా చూపాలి. నీళ్లు పెట్టే మనిషి కూలి, ట్యాంకర్ ఖర్చు, సెంట్రింగ్ అదనపు రోజుల అద్దె అందులో ఉండాలి. మేస్త్రికి ఇవ్వవలసిన దానిలో కొంత భాగాన్ని స్లాబు పడిన రోజుకు కాక పద్నాలుగో రోజుకు ముడిపెట్టాలి. ముహూర్తం పెట్టించుకోవడానికి పంతులుగారి దగ్గరికి వెళ్లేముందు, ఈ రోజులన్నీ కలిపితే ఇల్లు ఎప్పటికి సిద్ధమవుతుందో మేస్త్రినే అడగాలి.