సగోత్రం తప్ప ఒప్పుకోని నీలి డ్రమ్ము గారికి

మిద్దెతోట మూలన వేంచేసి ఉన్న మహారాజశ్రీ నీలి డ్రమ్ము గారి సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ వంగ, బెండ, బీర ఎవరూ క్షేమం కాదు. తమరి క్షేమం అడగక్కర్లేదు, మెట్ల దాకా తడి కనబడుతూనే ఉంది.

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని సామెత. మిద్దెల మీద రోళ్లెక్కడివి ఇప్పుడు? ఆ పగిలే బాధ్యత తమరు నెత్తిన వేసుకున్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తమరి ఒంట్లోని పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ అణువుల గొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ వచ్చాయి. పక్కింటి నల్ల ట్యాంకు అదే ఎండలో నిక్షేపంలా ఉందంటే దానికి తమరికన్నా ఓర్పు ఎక్కువని కాదు. దాని ప్లాస్టిక్‌లో సుమారు 2 శాతం కార్బన్ బ్లాక్ అనే మసి కలిసి ఉంటుంది, ఎండను అదే మింగేస్తుంది. తమరికి నీలిరంగు మోజు.

మా తప్పు లేదనడం లేదు. నిండితే 200 కిలోలు తూగే తమరిని మూడు ఇటుకల మీద కూర్చోబెట్టాం. ఇటుకల మధ్య అడుగు కిందికి జారుతుంది, ఇటుక అంచు దగ్గర వంపు తిరుగుతుంది. నింపినప్పుడల్లా వంపు, వాడినప్పుడల్లా సడలింపు. ఒకనాటికి అక్కడే గీత పడుతుంది. రెండడుగుల చదరపు కడప బండ ఒక్కటి, బరువు కింది గోడ మీదో దూలం మీదో పడేట్టు వేసి ఉంటే ఈ ఉత్తరం రాసే పని తప్పేది.

ఒక్క విషయంలో మాత్రం తమరిని మెచ్చుకోవాలి. శుక్రవారం నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి డ్రై డే పాటించండని మున్సిపాలిటీ వాళ్లు గొంతు చించుకుంటుంటే తమరు రోజూ పాటిస్తున్నారు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు కావాలి. తమరి పొట్టలో నీళ్లు ఒక్క రాత్రి కూడా నిలవవు.

ఇక అసలు ఫిర్యాదు. తమరికి ఏ సంబంధమూ అతకదు. ఎంసీల్ ముద్ద కలిపి పెట్టారు, ఎండాక పెంకులా ఊడింది. ఫెవిక్విక్ పోశారు, వేళ్లు అతుక్కున్నాయి గానీ పగులు అతకలేదు. సిలికాన్ రాస్తే రెండో రోజుకి తోలులా లేచింది. పీవీసీ పైపుల సొల్యూషన్ పూసినవాళ్లూ ఉన్నారు. అది పీవీసీని కరిగించి కలుపుతుంది, తమరిని కనీసం మెత్తబరచలేదు. వీటిలో ఏదీ నాసిరకం సరుకు కాదు. తమరి చర్మమే ఏ జిగురునీ తడవనివ్వదు. నీటిచుక్క వేస్తే తామరాకు మీద లాగా ముత్యమై జారిపోతుంది.

పైగా బయట వేసిన పట్టీని లోపలి నీళ్లే తోస్తాయి. 90 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అడుగున చదరపు సెంటీమీటరుకి 90 గ్రాముల ఒత్తిడి. అరచేయంత, అంటే 10 అడ్డం 10 సెం.మీ. పట్టీ మీద 9 కిలోలు, రాత్రింబగళ్లు.

మనుషులు పెళ్లికి సగోత్రం కాదంటారు. తమరికి సగోత్రం తప్ప పనికిరాదు. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే తమరిది హెచ్‌డీపీఈ, అంటే సాంద్రత ఎక్కువున్న పాలిథిలిన్ గోత్రం. అతుకు వేసే ప్లాస్టిక్ కూడా 2 అయ్యుండాలి. 5 అంకె పాలీప్రొపిలిన్‌ది. అది చూడ్డానికి దాయాదిలాగే ఉంటుంది, నీళ్లలో తమరిలాగే తేలుతుంది, వేడికి కరుగుతుంది, కానీ చల్లారాక విడిపోతుంది. ఖాళీ ఇంజినాయిల్ డబ్బాల్లో, షాంపూ సీసాల్లో చాలావాటికి 2 ఉంటుంది. అన్నిటికన్నా మేలైన సంబంధం తమరి మూతి అంచు నుంచే కోసుకున్న 5 మి.మీ. వెడల్పు పేళ్లు. వీధిలో ప్లాస్టిక్ బిందెలకు అతుకులు వేసేవాళ్లు కాల్చిన ఇనుముతో చేసేది ఈ సగోత్ర వివాహమే.

ముందు పెళ్లిచూపులు. పగులు పక్కన చాకుతో గీకాలి. రిబ్బనులా చుట్టలు తిరిగి వస్తే ప్రాణం ఉన్నట్టు. పొడిగా రాలితే తమరికి ఏ వైద్యమూ లేదు, అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది. ఇంకో మాట, తమరి పూర్వాశ్రమం ఏమిటి? పురుగుమందో రసాయనమో మోసి ఉంటే ఆ ఒంటితో కూరగాయల దగ్గరికి రాకూడదు. మండే ద్రావకం మోసి ఉంటే వేడి దగ్గరికే రాకూడదు, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

ఇప్పుడు పగులు చివర ఎక్కడుందో తేల్చాలి. కంటికి ఆనేది అసలు చివర కాదు. డ్రమ్ము పూర్తిగా ఆరాక ముగ్గుపిండి వేలితో రుద్ది, పొడిగుడ్డతో పైపైన తుడిస్తే సందులో తెల్లగీత మిగులుతుంది. అది ఆగిన చోట రెండు వైపులా 4 మి.మీ. బిట్టుతో రంధ్రం. కారే డ్రమ్ముకి ఇంకో చిల్లా అని నోరెళ్లబెడతారు. సన్నటి మొన మీద లాగుడంతా ఒక్కచోటే పడి పగులు ముందుకు పాకుతుంది. గుండ్రటి అంచు ఉంటే చుట్టూ పంచుకుపోతుంది. ఈ రంధ్రాలూ తర్వాత పూడ్చేవే.

పగులు పొడవునా ఇంగ్లీషు వి ఆకారపు గాడి, గోడ మందంలో మూడింట రెండు వంతుల లోతు. చుట్టూ రెండంగుళాల మేర మెరుపు పోయేదాకా గరుకు కాగితం. తర్వాత పేడును గాడిలో పెట్టి కరిగించడానికి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, బల్లపరుపు మొనది. హాట్ ఎయిర్ గన్ ఉంటే 300 డిగ్రీల దగ్గర. పనంతా ఆరుబయటే. గాడి అంచులూ పేడూ ఒకేసారి తడిసినట్టు మెరవాలి, కిటుకంతా అదే. పేడు ఒక్కటే కరిగి గోడ చల్లగా ఉంటే పడేది అతుకు కాదు, కొవ్వొత్తి మైనం. గోటితో గిల్లితే ఊడొస్తుంది. పొగ లేచి గోధుమరంగు తిరిగితే మాడినట్టు, గీకి పారేసి మళ్లీ మొదలు. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక ఆ చివర నుంచి ఈ చివరకి ఏకబిగిన పోకూడదు. మూడేసి సెంటీమీటర్లు అక్కడక్కడా వేసి, మధ్య ఖాళీలు పూడ్చుకుంటూ రావాలి. పైన కిటికీలకు కొట్టే స్టీలు దోమల జాలీ మూడు సెం.మీ. వెడల్పున పరిచి, ఇనుముతో నొక్కి ముంచి, ఇంకో వరస ప్లాస్టిక్ కప్పాలి. నీళ్లు కొట్టి చల్లార్చవద్దు. చెయ్యి అందితే లోపలి నుంచీ ఒక వరస.

వేడి పని రానివాళ్లకు బిగింపు మార్గం ఉంది. లోపల లారీ ట్యూబు ముక్క పగులుకు అన్ని వైపులా 4 సెం.మీ. ఎక్కువ ఉండేట్టు, దాని మీదా బయటా అల్యూమినియం పట్టీలు, నాలుగేసి సెం.మీ.లకు ఒక 6 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టు. మధ్య బోల్టు నుంచి చివరలకు బిగించాలి, ట్యూబు అంచు కాస్త ఉబ్బగానే ఆపాలి. ఇది నిటారు గోడకే, అడుగు మూలకు కాదు.

పరీక్ష: పావువంతు నీళ్లు, కింద పొడి బండ, ఒక రాత్రి. తెల్లారాక బండ పొడిగా ఉంటే సగం, మర్నాడు నిండుగా. తడిస్తే తమరిని నడుముకి కోసి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి, మట్టి నింపి బచ్చలి తీగ పాకిస్తాం. ఇంత కారి తిరిగి కారడమే ఉద్యోగంగా దొరకడం అందరికీ రాసిపెట్టి ఉండదు.

ఇట్లు,
బకెట్లు మోసి భుజాలు పడిపోయిన మిద్దెతోట వాళ్లు

తా.క.: కుళాయి దగ్గర మొదలైన పగులైతే కుళాయిని డ్రమ్ముకి బిగించే ట్యాంకు నిపుల్‌కి కత్తితో కోసిన చదరపు కన్నం ఉందేమో చూడాలి. చదరపు మూలల నుంచే చీలుతుంది. హోల్ సా బిట్టుతో గుండ్రంగా తీసి, లోపలా బయటా రబ్బరు వాషరు వేసి, చేత్తో బిగిసినంత బిగించి పైన స్పానరుతో అరచుట్టు. మొత్తం చుట్టు తిప్పితే మళ్లీ ఈ ఉత్తరమే.